పాడుబెట్టిన ఇల్లు

అయితే నిప్పుకు ఇన్సూరెన్సు ఉండాది, పిడుగుకు ఉండాది, నా ఇంటికి మాత్రం లేదంటారు. ఇదేం న్యాయం సార్? కాలిన మాట మీరూ ఒప్పుకుంటాండారు. మీ ఆఫీసు మనిషి మా ఊరు నగరికొచ్చి ఫోటోలు గూడా తీసుకొని పోయినాడు.

నేను చదువుకున్నదాన్ని కాదు. మగ్గం నేసుకొని బతికేదాన్ని, పేరు వరదమ్మ. ఇంటికి ఇన్సూరెన్సు చేయించింది మా ఆయన దేవరాజులు. ఏటేటా తిరుపతికొచ్చి, ఈడ డబ్బు కట్టి, కొండకు దణ్ణం పెట్టుకొని వచ్చేవాడు. ఇల్లు కాలినా మనం రోడ్డున పడం వరదా, అనేవాడు. మొగుని మాట కాకపోతే ఎవురి మాట నమ్మాల?

ఆయన శ్రావణంలో పోయినాడు. ధనిష్ఠా నచ్చత్రం. మీరూ ఈ పక్కోళ్ళే కదా, మీకు తెలీదా? ఆ నచ్చత్రంలో పీనుగ లేస్తే ఇల్లు ఆరు నెలలు పాడుబెట్టాల. తాళమేసి, వాకిట్లో ముళ్ళకంప అడ్డమేసి, యాడన్నా తలదాచుకోవాల. లేకుంటే అదే ఇంట్లో ఇంకో పీనుగ లేస్తుందన్నాడు అయ్యవారు. మా కోడలు చౌడేశ్వరి నిండు సూలాలు సార్. ఉండమంటారా ఆ ఇంట్లో?

మా చెల్లెలింటి పశువుల కొట్టంలో చేరినాము. అదే తప్పంటాండారు మీరు. నెలకు మించి ఇంట్లో మనుషులు లేకుంటే పాలసీ చెల్లదంట. ఆ సంగతి మా ఆయనకు ఎవురూ చెప్పలా. చెప్పినా, తాను ఏ నచ్చత్రంలో పోతాడో ఆయనకు మాత్రం ఎట్ల తెలుస్తుంది?

ఏమంటిరి? ఇల్లు ఖాళీ చేసేముందు ఒక అర్జీ రాసిచ్చింటే సరిపోయేదా? మనిషి సచ్చి వాకిట్లో పండుకోనుంటే ఎవురన్నా ఇన్సూరెన్సు ఆఫీసుకు అర్జీ రాస్తారా? మీ ఇంట్లో అయితే మీరు రాస్తారా?

కోపం చేసుకోవద్దండి. కడుపు మండి నోరు జారినాను.

దీపావళినాడు ఎవురో వదిలిన రాకెట్టు మా వసారా తాటాకు మీద పడింది. మొదట చిన్న మంటే. నాలుగు బిందెలు పోస్తే ఆరిపోయేది. వీధంతా వచ్చినారు సార్, రాలేదని చెప్పకూడదు. పక్కింటి గురప్ప నీళ్ళ బిందెతో పరిగెత్తుకొని వచ్చి, ముళ్ళకంప కాడ నిలబడిపోయినాడు. ధనిష్ఠ పట్టిన ఇంట్లో కాలు పెట్టేదానికి ఎవురికుంటుంది ధైర్యం? కంప ఇవతల నుంచే నీళ్ళు విసిరినారు. సగం నీళ్ళు వాకిట్లోనే పడినాయి.

నా కొడుకు కోదండం కంప దాటబోయినాడు. నేనే వాని నడుం పట్టుకొని ఎనక్కి లాగినా. తాళంచెవి నా బొడ్లోనే ఉండింది. ఇల్లు పోతే మీరిస్తారు, కొడుకు పోతే ఎవురిస్తారు అనుకున్నా. నిజంగా అట్లే అనుకున్నా సార్. మిమ్మల్ని నమ్ముకొనే ఆడ నిలబడి సూస్తా ఉండిపోయినా.

దూలాలు కూలినాయి. రెండు మగ్గాలు పోయినాయి. ఆయన సగం నేసి పెట్టిన చీర మగ్గం మీదనే కాలిపోయింది. దాన్ని కోసుకొచ్చి పెట్టుకుందామని కూడా ఇల్లు వదిలినపొద్దు తోచలా నాకు.

పై ఆఫీసుకు రాసుకోమంటారా? ఆడ మాత్రం ఇంకో కాయితం ఉంటుందా? వాళ్ళూ ఇదే చదువుతారు, ఇదే చెప్తారు. మీదేం తప్పులేదు లెండి. రాసిందే చదివినారు మీరు. అయ్యవారూ అంతే, పంచాంగంలో ఉండేదే చెప్పినాడు.

నిన్న అయ్యవారి దగ్గరికి పోయినా. మిగిలిన నెలలు ఎట్లా సామీ అని అడిగినా. అగ్ని తాకినాక దోషం పూర్తిగా పోయినట్టే వరదమ్మా, ఇంక ఏ భయమూ లేదు, రేపే పోయి మీ ఇంట్లో ఉండొచ్చు అన్నాడు.

ఉండొచ్చంట సార్. ఇంక మాకు ఏ అడ్డమూ లేదంట.