గేరు డబ్బాలో పొట్టు

(షెడ్డులో, స్టాండ్ల మీదికి ఎత్తిన పాత జీపు. కింద మేస్త్రి, స్టీరింగు ముందు పాత బళ్ల బ్రోకరు.)

"గేరు మళ్లీ వెయ్యి."

"వేశాను మేస్త్రిగారూ."

"రెండు చక్రాలకా, నాలుగింటికా?"

"నాలుగింటికీ."

"అదిగో, గురగుర. ఇప్పుడు రెండింటికి మార్చు... చూశావా, నోరు మూసుకుంది. బేరింగులు బాగానే ఉన్నాయి, షాఫ్టు వదులుగా లేదు. రోగమంతా నాలుగు చక్రాలకీ బలం పంచే ఈ మధ్య గేరు డబ్బాలోనే. ఇంజను ఆపి దిగు. ట్రే పెట్టు, ఆయిలు దించుతాను."

"ఆయిలెందుకండీ? మొన్ననే మార్చాను."

"మారిస్తే మరి కంగారెందుకు?"

"కంగారేముంది, ఊరికే..."

"ఛీ! ఇదేంటిది? ఆయిలా, బురదా?"

"పాత బండి కదండీ, మురికి..."

"మురికి ఇలా పీచుపీచుగా ఉంటుందా? వాసన చూడు. చూడవోయ్! రంపపు పొట్టు. అరిగిపోయిన గేర్ల మధ్య పొట్టు కుక్కారు, చప్పుడు బయటికి రాకుండా. ఏ దరిద్రుడు చేశాడీ పని?"

"ఎవరో... ముందు వాళ్లు..."

"మొన్న ఆయిలు మార్చింది నువ్వేగా?"

"అది... అందరూ చేసేదే కదండీ."

"థూ! అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా? దిగుడులో ఈ డబ్బా పట్టేసిందంటే చక్రాలు బిగుసుకుపోతాయి. లోపలున్నవాళ్ల ముక్కలు కూడా దొరకవు."

"తిట్టండి, పడతాను. ఇంకో గుప్పెడు వేసి మూసేయండి. సాయంత్రం బేరం. బాగుందని మీరొక్క మాటంటే..."

"చచ్చినా అనను."

"పోనీ, బాలేదని అనకండి. ఊళ్లోవాళ్ల గొడవ మీకెందుకు?"

"నాకెందుకు... అవున్లే, నాకెందుకు? బాగుందనను, బాలేదనను. ఎవడి ఖర్మ వాడిది. ముందీ కంపుని నా కళ్ల ముందు నుంచి తీసుకుపో."

"అంటే, వద్దని చెప్పరుగా?"

"నోరు మూసుకుంటానన్నానుగా! నీతో మాట్లాడితే నాకే డోకు వస్తోంది."

"అది చాలండి! ఆవిడకి కావలసిందీ అదే."

"ఆవిడా? కొనేది ఆడమనిషా?"

"కొండ మీది బడికి పిల్లల్ని తిప్పుతుందట. ఇంకే మెకానిక్కునీ నమ్మదు. 'ఆ షెడ్డు మేస్త్రి చూసి వద్దనకపోతే చాలు, కళ్లు మూసుకుని కొంటా' అంది."

"అంత నమ్మకమున్న మనిషి తనే రావచ్చుగా?"

"అదే అడిగానండీ. 'స్టీరింగు పట్టుకుంటే నా గడప తొక్కొద్దన్నారాయన, రెండేళ్లయింది మాట్లాడి' అంది. మీకూ ఆవిడకీ పాత గొడవేమైనా... మేస్త్రిగారూ?"

"పిల్లలెంతమందట?"

"పన్నెండు మంది. ఎందుకండీ?"

"నీ మీద ఉమ్మేశాను చూడు, అది నా మొహాన పడాల్సింది. ఫోను తియ్యి."

"నోరు మూసుకుంటానన్నారుగా!"

"రెండేళ్లు మూసుకున్నది చాలు. మా అమ్మాయికి కలుపు."