పొగ లేని పాలు

నా మొదటి పాల ఫ్యాక్టరీ నాలుగు నెలల్లో మూతపడింది లీబాన్. ముందు ఆ సంగతి విను, తర్వాత ఆ ల్యాప్‌టాప్ తెరుద్దువు గానీ. టొరంటో నుంచి వచ్చి మూడు రోజులేగా, నీ ఐస్‌క్రీమ్ వ్యాపారం ఇంతలోనే కరిగిపోదు. మధ్యాహ్నం దాటితే ఈ ఊరి మగాళ్లంతా మత్తుకోసం ఖాట్ ఆకు నములుతూ కూర్చుంటారు, నీ ఐస్‌క్రీమ్ ఎవరు తింటారో అది కూడా లెక్క వేశావా?

ఎందుకు మూతపడిందా? కరెంటు వల్ల కాదు, ప్రభుత్వం వల్ల కాదు. అవి మనలా బయటి నుంచి వచ్చినవాళ్లు చెప్పుకునే కారణాలు. నా వల్లే.

లండన్‌లో ఆహార శుభ్రత మీద డిప్లొమా చేశాను కదా, దానికి ఫ్రేము కట్టించి మరీ తెచ్చాను. ఈ హర్గేసా ఊరంతా ఒంటె పాలే తాగుతుంది. అమ్మేదేమో బజారులో నేల మీద కూర్చున్న ఆడవాళ్లు. పాత్రల లోపలంతా మసి. ఛీ అనుకున్నాను. స్టీలు పీపాలు తెప్పించాను. కాచి చల్లార్చిన పాలు, గాజు సీసా, దాని మీద నవ్వుతున్న ఒంటె బొమ్మ. ఒంటె నవ్వగా ఎప్పుడైనా చూశావా నువ్వు?

రెండో సీసా ఎవరూ కొనలేదు. ఆస్పత్రి పాలని పేరు పెట్టారు. చివరికి బజారులో పాలమ్మే కల్తూన్‌కి ఒక సీసా పట్టుకెళ్లాను. మూత తీసి వాసన చూసింది.

"పొగ ఏది చెల్లీ?"

పాలు పొయ్యకముందు పాత్రలో నిప్పు కట్టె తిప్పి పొగ పట్టించడం మా అమ్మమ్మ రోజూ చేసేది. పక్కనే కూర్చుని కళ్లు మండి ఏడ్చేదాన్ని. పాలు నిలవుండేది ఆ పొగతో, రుచి ఆ పొగది. ముప్పై ఏళ్లు లండన్ చలిలో మన ఊరి పాలు, మన ఊరి పాలు అని కలవరించి, తీరా వచ్చి చేసిందేమిటి? ఆ రుచినే మురికనుకుని కడిగేశాను.

వచ్చి ఆ పొగ పట్టడం నేర్పు, ఫ్యాక్టరీలో సగం వాటా నీదే అన్నాను, ఏదో వరమిస్తున్నట్టు. యుద్ధంలో ఈ ఊరి మీద బాంబులు పడ్డ రోజుల్లో ఇద్దరం ఇథియోపియా దాకా నడిచినవాళ్లమే. అక్కణ్ణుంచి నేను మేనమామ పిలిస్తే లండన్ పోయాను, ఆమె పాలపాత్ర పట్టుకుని వెనక్కొచ్చింది.

"నువ్వు దెబ్బతింటే విమానం ఎక్కుతావు," అంది. "బజారులో నా చోటు ఒక్క రోజు ఖాళీగా ఉంటే ఇంకొకతె కూర్చుంటుంది. అప్పుడు నేనెక్కడ కూర్చోను?"

ఆమె అన్నది నిజమే. ఎందుకంటే, ఇది ఇంకెవరికీ చెప్పలేదు, తిరిగొచ్చేశాను తిరిగొచ్చేశాను అని ఊరంతా చాటుకున్నానే గానీ లండన్ ఫ్లాటు అప్పటికింకా అమ్మలేదు. అద్దెకిచ్చి ఉంచాను. బీరువాలో పాస్‌పోర్టు, నలగకుండా కవర్లో పెట్టి.

నీ తిరుగు టికెట్ ఎప్పటికి? చెప్పక్కర్లేదులే, మొహం చూస్తేనే తెలుస్తోంది. నీ ఐస్‌క్రీమ్ గురించి కల్తూన్‌ని అడుగు, వెనక పెరట్లో పాత్రలకి పొగ పెడుతోంది. ఆమె కూడా ముందు ఆ టికెట్ సంగతే అడుగుతుంది.

కల్తూన్ చోటు గురించి ఆ మాటన్న వారమే ఫ్లాటు అమ్మకానికి పెట్టాను. ఆ కాగితాలు చూశాకే ఆమె బజారులో చోటు వదిలి నాతో కలిసింది. పోయిన రంజాన్‌లో పాస్‌పోర్టు గడువు తీరింది. కొత్తది తీసుకోలేదు.