గీత మాయమైతే మురిసిపోయిన మేడమ్

1991వ సంవత్సరం జూలై ఒకటవ తేదీన తాత్కాలిక పరిశోధకురాలిగా మా సంస్థలో అడుగుపెట్టిన నాటి నుంచి నేటి పదవీ విరమణ వరకు సత్యాన్వేషణకే సర్వశక్తులూ వెచ్చించిన మా మేడమ్ గారిని గురించి నాలుగు మాటలు రాయడం, పక్క బల్లవాడిగా నాకు దక్కిన భాగ్యం. ఆ ఇరుకు గది, ఊగిపోయే స్టూళ్లు, భుజంతో నెడితే గాని మూసుకోని ఫ్రీజరు తలపుకొస్తే ఇప్పటికీ మనసు అక్కడే తచ్చాడుతుంది.

కణాలు తుప్పు పట్టకుండా కాపాడే ఒక యాంటీఆక్సిడెంట్ ఎంజైము వారి పరిశోధనాంశం. దాన్ని పట్టుకునే యాంటీబాడీని వాడితే ఫిల్ము మీద నల్లని గీత పడుతుంది. వయసు మళ్లిన కణాల్లో ఆ గీత దట్టంగా పడుతోందని వారు రాసిన పత్రం అచ్చుకు సిద్ధమైంది; ఉద్యోగం పర్మనెంటు కావడం దాని మీదే ఆధారపడి ఉంది. సరిగ్గా అప్పుడే, వారు తెప్పించిన కృత్రిమ పెప్టైడు చిన్న సీసాలో చిటికెడు తెల్లపొడిగా వచ్చింది. ఎంజైములో యాంటీబాడీ పట్టుకునే ముక్కకు అది అచ్చు నకలు. దాన్ని ముందుగా యాంటీబాడీలో కలిపితే, యాంటీబాడీ దాన్నే పట్టుకుని కూర్చుంటుంది, ఎంజైము జోలికి పోదు, గీత మాయం కావాలి. మాయం కాకపోతే, ఇన్నాళ్లూ అది పట్టుకున్నది మరి దేన్నో!

పెప్టైడు కలిపి చేసిన తడి ఫిల్ముతో మేడమ్ చీకటి గదిలోంచి వచ్చారు. గీత చెక్కుచెదరలేదు.

"ఇది మన ఎంజైము కాదండీ," అన్నారు మెల్లగా.

"మళ్లీ చేసి చూడండి మేడమ్!"

"మళ్లీ చేసిందే ఇది."

పత్రం వెనక్కి తీసుకుంటానంటే డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. "పర్మనెంటు అయ్యేదాకా ఈ పరీక్ష ఆపుకుంటే మీ సొమ్మేం పోయేదమ్మా?"

"ఆపుకుంటే గీత చెరిగిపోతుందాండీ?"

ఉద్యోగం ఏళ్ల తరబడి తాత్కాలికంగానే నిలిచిపోయింది. ఎవరు ఫలితం చూపించినా "పెప్టైడు కలిపి చూశారా? మళ్లీ చేయండి" అనేవారు కనుక, 'అడ్డుపుల్ల మేడమ్' అన్న బిరుదు మాత్రం వెంటనే పర్మనెంటయింది.

కొత్త యాంటీబాడీ తయారుచేసి, దానికి తగిన పెప్టైడు రూపొందించిన తర్వాత, ఒక మధ్యాహ్నం చీకటి గదిలోంచి కేక వినిపించింది. "రండి, రండి! ఏమీ లేదు!" ఏం తగలబడిందోనని పరుగెత్తాం. పెప్టైడు కలపగానే గీత మాయమైన ఖాళీ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని, కళ్ల నీళ్లతో నవ్వుతున్నారు.

"ఏమీ లేనిదానికి ఇంత సంబరమా!" అని ఆఫీసు గుమాస్తా విస్తుపోయాడు.

ఆ యాంటీబాడీనే నేటికీ వాడుతున్నాం. పర్మనెంటు ఉత్తర్వులు, శాఖాధిపతి పదవి దాని వెంటే వచ్చాయి. వారి శ్రీవారు మాత్రం నాతో మొర పెట్టుకుంటూనే ఉన్నారు: "పాలు విరిగాయంటే నమ్మదండీ బాబూ! గిన్నె మార్చి మళ్లీ కాచమంటుంది."

వారు నేర్పిన పరీక్ష రేపటి నుంచి మాకే జరగబోతోంది. కిటికీ పక్క స్టూలు ఖాళీ అవుతుంది. ఈ గదిలో ఏమేం మాయమవుతాయో చూస్తే, ఇన్నాళ్లూ అవి ఎవరి వల్ల ఉన్నాయో తేలిపోతుంది. ఫలితం నాకు ముందే తెలుసు మేడమ్, దీన్ని మాత్రం మళ్లీ చేసి చూడమనకండి. అప్పుడప్పుడూ వచ్చి మా ఫిల్ములకు అడ్డుపుల్లలు వేసి పోతూ, పది కాలాలపాటు ఆరోగ్యంగా, చల్లగా ఉండండి.