రెండో మందు

ఆందోంగ్ బస్టాండు పక్కన మల్‌సున్ బ్యూటీ పార్లర్. శనివారం మధ్యాహ్నం. తేజాన్ బస్సు దిగిన నారే తిన్నగా అందులోకే దూరింది. మూల కుర్చీలో ఒకావిడ తలా మొహం తువ్వాలు కప్పుకుని తన వంతు కోసం కునుకు తీస్తోంది.

పార్లర్ నడిపే మల్‌సున్ నారే జుట్టు వేళ్లతో విప్పి చూసింది. “ఇదేం తలమ్మా! సగం నున్నగా, సగం రామెన్ నూడుల్స్ పొట్లం విప్పినట్టు!”

“ఇంట్లో నేనే సాపు చేసుకున్నానక్కా.”

“మొదటి మందు పెట్టావా?”

“పెట్టాను. వెంట్రుకంతా ప్రొటీన్ గొలుసులే కదా. వాటి మధ్య ముడులు దాంతో విడిపోతాయి.”

“విడిపోయాక, జుట్టు తిన్నగా లాగి, ముడులు మళ్లీ పడేలా రెండో మందు?”

“అదీ... వెయ్యలేదు.”

“వెయ్యలేదా!”

“గాల్లో ఆక్సిజన్‌కి వాటంతటవే ముడిపడతాయనుకున్నా. పడతాయి కూడా! కాస్త టైమ్...”

“ఆ లెక్కన నేను కిటికీ తీసి కూర్చుంటే చాలు. ఏం చదివావమ్మా?”

“ప్రొటీన్ల మీదే. డాక్టరేట్.”

“ఖర్మ!”

“నవ్వకండక్కా. ఆకారం మారితే ప్రొటీన్ చేసే పనే మారిపోతుందని పిల్లలకి రోజూ పాఠం చెప్తాను.”

“వంకులు తిరిగినా తలకి ఎండ తగలనివ్వట్లేదుగా. దాని పనికేం చెడింది?”

“రేపు దాని పని వేరు. కాబోయే అత్తమామలకి నచ్చడం. క్యుహో వాళ్లింటికి మొదటిసారి వెళ్తున్నా.”

“ఏ క్యుహో? పశువుల డాక్టరా?”

“మీకు తెలుసా?”

“ఆఁ... కొంచెం గట్టిగా చెప్పు, నాకు చెవుడు.”

“ఇందాకటిదాకా లేదే!”

“ఇప్పుడే వచ్చింది. వాళ్లింట్లో ఏమంటారు?”

“వంకుల జుట్టు వాళ్లు మొండిఘటాలని వాళ్ల నాన్న అంటారట! వాళ్లమ్మ జుట్టేమో గీత గీసినట్టుంటుంది, ఫోటోలో చూశా. ఇంకోసారి మందెయ్యండక్కా, మీకు పుణ్యముంటుంది!”

“ఇవాళే మళ్లీ వేస్తే ముడులు కాదు, గొలుసులే తెగుతాయి. దువ్వెనకి ఊడొస్తుంది.”

“ఊడితే ఊడనీ! క్యుహోని వదులుకోలేను. ఏడుపొస్తోంది నాకు.”

“చూశావా, మొండితనం!”

“మీరూ అదే అంటారా!”

“నేనన్లేదమ్మా. ఏం వదినా, నిద్రేనా? నీ తలకి మందు కలపనా?”

మూల కుర్చీలో ఆవిడ మొహం మీది తువ్వాలు తీసింది. “కలపకు మల్‌సున్. మూణ్ణెల్లకోసారి దొంగచాటుగా వచ్చి, ముప్పయ్యేళ్లుగా సాపు చేయించుకుని విసుగెత్తింది. ఏమ్మా నారే, రేపు భోజనానికి ఉన్న జుట్టుతోనే రా... మన ఇద్దరి వంకులూ క్యుహో వాళ్ల నాన్నకి ఒకేసారి చూపిద్దాం.”