దగ్గరి రుచి

...రుచి మరిచిపోయానని ఫోన్‌లోనే యజమానికి చెప్పేస్తే సరిపోయేది, కానీ అబద్ధమాడడం తాగడం కన్నా చిన్న పాపమా అని అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ వంటగదిలో మారయ్య ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఎదురుగా డ్రైవర్ దించిపోయిన మూడు రకాల నల్ల బీరు పెట్టెల్లోంచి తీసిన మూడు సీసాలు, వాటి పక్కన భార్య ప్రేమమ్మ.

“సార్ ఏమన్నడు?”

“రాత్రి దావతుకొచ్చే సాఫ్ట్‌వేరోళ్లంత ఎగబడే ఆ తీపి బీరు పట్నంల ఎక్కడ దొరకలేదట. ఈ మూడిట్ల దానికి దగ్గరున్నదేదో రుచి చూసి ఐసుల పెట్టమన్నడు. పోయినసారి దావతుల మిగిలింది తాగినోన్ని నేనే గద.”

“మొన్న ఆదివారం చర్చిల అందరి ముందర తాగుడు మానేసిన్నని ఏడ్చింది గూడ నువ్వే. దేవునికి చెప్పినోనివి సార్‌కు చెప్పలేవా?”

“దేవుడు మాఫ్ చేస్తడు. సార్ చేస్తడా?”

“జరుగు. తాగనిదాన్నని చర్చిల నన్నెవ్వరు మాటియ్యమనలే. నేను చూస్త. అదెట్లుంటదో చెప్పు.”

“మాడిన బెల్లం పాకం లెక్క, చిక్కగ. మింగినంక కాఫీ చేదు జర నాలుక మీద కూసుంటది.”

నోట్లో నీళ్లూరుతుంటే మారయ్య మొహం తిప్పుకున్నాడు.

“ఇది ఉత్త చేదు. ఈ రెండోది నీళ్ల లెక్కున్నది.” మూడో సీసా దగ్గర ఆమె ఆగింది. “ఇది పాకమేనయ్య.”

“చివర్ల చేదున్నదా?”

“ఉన్నట్టే ఉన్నది. నాకేమెర్క?”

“మల్లొకసారి చూడు.”

“చూసిన. ఇగ ఇటు దిక్కు రాకు.”

“నీ మూతికి నురుగంటింది.”

మారయ్య దాన్ని వేలితో మెల్లగా తుడిచాడు. ఆ మూడో రకం సీసాలు ఐసులో సర్దడానికి ఆమె అటు వంగగానే ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.