వ్యాసం పేరు కొడితే దొరకదు

యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు కంప్యూటరు ముందు కూర్చుని రిటైరైన మాస్టారు కుస్తీ పడుతున్నారు. ఒకప్పటి శిష్యురాలు, ఇప్పటి లైబ్రేరియన్, దూరం నుంచి కాసేపు చూసి నవ్వుకుంటూ దగ్గరికి వచ్చింది.

“నా వ్యాసమే లేదంటోందమ్మా మీ కంప్యూటరు!”

“వ్యాసం పేరు కొడితే ఎలా దొరుకుతుంది మాస్టారూ? పత్రిక పేరు కొట్టాలి. దానికి ఇల్లు తెలుసు గానీ ఇంట్లోవాళ్లు తెలీదు.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?”

“‘పత్రిక పేరు’ అని తెర మీదే ఉందిగా. ప్రశ్న చదవకుండా జవాబు రాసేస్తానని నన్నెన్నిసార్లు తిట్టారు! మీరేం చేస్తారో చూద్దామని.”

“పగ తీర్చుకున్నావన్నమాట.”

“సగమే. ఇంతకీ ఏ సంవత్సరం పత్రిక?”

“నువ్వు నా దగ్గర ఎమ్మెస్సీ చేసిన ఏడు. నడుంలోతు వాగులో దిగి ఆ వ్యాసానికి కొలతలన్నీ తీసింది నువ్వే కదా. చివర్లో కృతజ్ఞతల్లో నీ పేరు వేశానో లేదో అని నాలుగు రోజులుగా మనసు పీకుతోంది.”

“వెయ్యలేదు. నూట పన్నెండో పేజీ. జీపు నడిపినాయనక్కూడా కృతజ్ఞతలు చెప్పారు.”

“చూడకుండానే చెప్తున్నావే!”

“అప్పట్లో చాలాసార్లు చూశాను లెండి.”

ఆమె లోపలికి వెళ్లి పత్రిక తెచ్చింది. మాస్టారు ఆ పేజీ తీసి, కృతజ్ఞతల కింద వేలు పెట్టి ఒక్కో పేరే చివరిదాకా చదివారు.

“ఓ పెన్సిలివ్వమ్మా.”

“లైబ్రరీ పుస్తకంలో గీస్తే వేళ్లు విరగ్గొడతానన్నది మీరే.”

“అన్నాన్లే. ఇవ్వు.”

ఆమె బల్ల మీదున్న పెన్సిలు పక్కకు జరిపి, తన పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చింది.

“పెన్సిలైతే చెరిగిపోతుంది మాస్టారూ.”