నల్ల గీతల మీద చెయ్యి

నగర శివారు గంగాలిన్‌కు వెళ్లే ట్రామ్‌లో సీట్లు ఖాళీగానే ఉన్నా అతను కూర్చోలేకపోయాడు. గ్యాలరీలో సెక్యూరిటీ డ్యూటీ దిగి, భార్యతో ఇంటికి వెళ్తున్నాడు.

“ఆ ముసలామె పెయింటింగ్ మీద చెయ్యి పెడితే చూస్తూ ఊకున్నవా?” అంది ఆమె.

“అది వాళ్ల నాయన వేసిందట. ప్రాగ్‌ల.”

“ఏముంది దాంట్ల?”

“నల్ల గీతలే. రెండో ప్రపంచ యుద్ధమైనంక అక్కడి కమ్యూనిస్టు సర్కారు జెండాలు, నవ్వే కూలీల బొమ్మలు వెయ్యమన్నదట. ఆయన ఇంట్ల కూసొని ఇవే గీసిండు. ఇరవై ఏండ్లు బీరువా ఎనక దాచిండ్రట.”

“అయితే మనకేంది? చూడలేదని రిపోర్టు రాయి. లేకుంటే ఉద్యోగం పోతది.”

“పట్టుకపోయి, ఒక్క జెండా గీస్తే వదిలేస్తమన్నరట ఆయన్ని గూడ.”

“గీసిండా?”

“గీయలే.”

 అతను రిపోర్టు టైప్ చేస్తున్న ఫోన్‌ని ఆమె లాక్కుంది. రాసిన రెండు లైన్లూ చెరిపేస్తుందేమోనని అతను ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

“నీ స్పెల్లింగులన్నీ తప్పులే. చెప్పు, నేను టైప్ చేస్త. చూసిన, కానీ ఆపలే. తర్వాత?”